కవర్ ప్యాటర్న్లతో ఇంట్లో బట్టలు కుట్టుకోవడం: కొనొచ్చు, కానీ పక్కన ఆది బట్ట ఉండాల్సిందే

ముందే తేల్చి చెప్పేస్తా, చివరిదాకా చదివే ఓపిక అందరికీ ఉండదు కదా. అమెరికాలో షాపుల్లో కవర్లలో పెట్టి అమ్మే పేపర్ ప్యాటర్న్లు (బట్ట మీద పెట్టి కత్తిరించుకోవడానికి గీసిన కాగితాలు), అదే సింప్లిసిటీ, మెకాల్స్, బటరిక్, వోగ్ అని నాలుగు పేర్లతో వచ్చేవి, కొనొచ్చు, దండగ కాదు. కానీ కవర్ మీద సైజు నంబరు చూసుకుని సరాసరి బట్ట మీద కత్తెర పెట్టేస్తే మాత్రం మంచి బట్ట కాస్తా పోద్ది. మన ఊళ్ళల్లో జాకెట్టు కుట్టించుకోవాలంటే సరిపోయిన పాత జాకెట్టు ఒకటి ఆదికి తీసుకెళ్ళి టైలర్ ముందు పెడతాం చూడండి, ఈ అమెరికా ప్యాటర్న్లకి కూడా అదే మందు. వాళ్ళ కాగితం, మన ఆది, రెండూ కలిస్తేనే ఒంటికి పట్టే బట్ట వచ్చుద్ది.

నేనుండేది డాలస్ పక్కన, పుట్టి పెరిగింది తెనాలి. మా అమ్మ చుట్టుపక్కల వాళ్ళకి జాకెట్లూ లంగాలూ కుట్టేది, కాలితో తొక్కే ఉషా మిషను, ఈనాడు పేపర్ మీద గీసి కత్తిరించి దాన్ని బట్ట మీద వేసేది. నాకు కుట్టు వచ్చింది గానీ గీయడం రాలేదు, అందుకే ఈ రెడీమేడ్ ప్యాటర్న్ల మీద పడ్డా. ఇప్పుడు పిల్లలకి గౌన్లు, నాకు టాప్సు, తెలిసినోళ్ళ గృహప్రవేశాలకీ సీమంతాలకీ బారసాలలకీ ఇచ్చే గిఫ్టులు చాలావరకు ఇంట్లోనే అయిపోతున్నాయి. కాబట్టి ఇది ఒక్కసారి కొని రాసేసిన రివ్యూ కాదు.

కవర్ సంగతి చూద్దాం. ముందువైపు ఒక మోడల్ ఫొటో ఉంటది, ఆ ఫొటో చూసి మురిసిపోయి కొనకండి, ఎందుకంటే ఫొటోలో వెనకాల పిన్నులు పెట్టి బిగించారో ఏం చేశారో మనకి తెలీదు. అసలు విషయం అంతా కవర్ వెనక ఉంటది. గీతలతో వేసిన బొమ్మ ఒకటి ఉంటది, ముందూ వెనకా ఎక్కడ కుట్టు వచ్చుద్దో ఎక్కడ డాట్ (షేపు కోసం వేసే మడత కుట్టు) వచ్చుద్దో జిప్పు ఎటుందో అందులో కనపడిపోద్ది. దాని కిందే ఏ సైజుకి ఎన్ని గజాల బట్ట కావాలి, 45 అంగుళాల పన్నా అయితే ఎంత, 60 అంగుళాల పన్నా అయితే ఎంత, గుండీలు ఎన్ని, జిప్పు ఎంత పొడుగు, ఎలాంటి బట్ట వాడాలి అన్నీ రాసి ఉంటాయి. సాగే బట్టకి మాత్రమే అని రాసి ఉంటే మన మంగళగిరి కాటన్‌తో దాన్ని కుట్టాలని చూడకండి, తల పట్టదు, చేతులు పట్టవు. ఇంకోటి, ఒక కవర్లో అన్ని సైజులూ ఉండవు, 6 నించి 14 దాకా ఒక కవర్, 16 నించి 24 దాకా ఇంకో కవర్, ఇలా విడగొట్టి అమ్ముతారు, పైగా కొన్నాక చాలా షాపులు వెనక్కి తీసుకోవు. కాబట్టి కొలతలు టేపు పెట్టి రాసుకుని వెళ్ళండి.

లోపల పల్చటి టిష్యూ కాగితం మడతలు, సూచనల పేపర్. ఆ టిష్యూ ఎంత పల్చగా ఉంటదంటే ఏసీ గాలికి కూడా ఎగిరిపోద్ది, ఒక్కసారి విప్పితే మళ్ళీ ఆ కవర్లో పట్టించడం నా వల్ల అయితే కాలేదు, జిప్ లాక్ సంచిలో పెట్టుకుంటున్నా. ముడతలు పోవాలంటే ఆవిరి లేకుండా తక్కువ వేడి మీద ఇస్త్రీ చేయాలి. ఇంకా ముఖ్యం, ఆ టిష్యూని కత్తిరించకండి. ఒకే కాగితం మీద నాలుగైదు సైజుల గీతలు ఉంటాయి, మీ సైజు కత్తిరించేశారంటే మిగతా సైజులు పోయినట్టే. పిల్లల బట్టలకైతే ఇది మరీ నష్టం, వచ్చే ఏడాది పెద్ద సైజు అదే కవర్లోంచి తీసుకోవచ్చు కదా. ఇక్కడ డాక్టర్ ఆఫీసుల్లో బెడ్ మీద పరిచే తెల్ల కాగితం రోల్ ఆన్‌లైన్లో దొరుకుద్ది, దాన్ని టిష్యూ మీద వేసి మనకి కావాల్సిన గీత ఎత్తి రాసుకుంటే సరిపోద్ది. ఇండియాలో అయితే బటర్ పేపర్.

ఇప్పుడు సైజు గోల. ఈ కంపెనీల లెక్కలో 14 సైజు అంటే ఛాతీ 36, నడుం 28, హిప్ 38. రెడీమేడ్ షాపులో 8 వేసుకునే మనిషి ఇక్కడ 14 దాకా వెళ్ళాల్సి వచ్చుద్ది. అది చూసి అమ్మో నేనంత లావా అనుకునేవాళ్ళు ఉన్నారు, అదేం కాదు, రెడీమేడ్ కంపెనీలు కాలం గడిచేకొద్దీ అదే నంబర్‌కి బట్టని వదులు చేసుకుంటూ వచ్చాయి, ప్యాటర్న్ వాళ్ళు మాత్రం పాత పట్టిక దగ్గరే ఆగిపోయారు. సరే 14 అని తేలింది కదా అని 14 గీత మీద కత్తిరిస్తే సరిపోద్దా అంటే, అక్కడే ఉంది అసలు తిరకాసు. కవర్ మీద ఉన్న 36 మీ ఒంటి కొలత. కుట్టాక డ్రెస్ ఎంత వచ్చుద్ది అనేది వేరే లెక్క, దాన్ని టిష్యూ మీద ఛాతీ దగ్గర చిన్న సున్నాలో ప్లస్ గుర్తు పెట్టి పక్కన రాస్తారు, కొన్నిసార్లు కవర్ వెనక కూడా ఉంటది. ఒంటికీ బట్టకీ మధ్య వదులు అన్నమాట. మనకి చీర జాకెట్టులో ఆ వదులు దాదాపు ఉండదు, కుర్తీకి మూడు అంగుళాలు ఉంటే హాయిగా ఉంటది, వీళ్ళు మాత్రం మామూలు టాప్‌కే నాలుగైదు పెట్టేస్తారు. అందుకే చాలామంది కుట్టి వేసుకుని చూసి సంచిలా ఉందని పక్కన పడేస్తారు, తప్పు కుట్టుది కాదు.

ఇక్కడే ఆది బట్ట రంగంలోకి వచ్చుద్ది. మీకు చక్కగా సరిపోయే కుర్తీ ఒకటి తీయండి, సాగే బట్టది కాకుండా మామూలు కాటన్‌ది. చంకల కింద అడ్డంగా కొలవండి, రెట్టింపు చేయండి. 39 వచ్చిందనుకుందాం. టిష్యూ మీద 14 దగ్గర పూర్తయిన ఛాతీ 41 అని ఉంటే, మీరు 12 గీత మీదికి దిగాలి, అది 39 ఇస్తది. అంతే, ఈ ఒక్క పనితో సగం గొడవ తీరిపోద్ది. తర్వాత కుర్తీని నిలువునా సగానికి మడిచి కాగితం ముక్క మీద వేసి భుజం పొడుగు, మెడ లోతు, చంక లోతు, నడుం ఎక్కడ పడింది, మొత్తం పొడుగు ఒక్కోటీ పోల్చుకోండి. కాగితంలో కుట్టుకి వదిలిన భాగం కూడా ఉంటది కాబట్టి దాన్ని తీసేసి పోల్చాలి, అది మర్చిపోతే లెక్కంతా తప్పుద్ది. పొడుగు తగ్గించాలంటే కింద అంచు కోసేయకుండా కాగితం మధ్యలో రెండు జంట గీతలు ఇచ్చి ఉంటాయి, అక్కడ మడత పెట్టాలి, అప్పుడే నడుం షేపు సరైన చోట కూర్చుంటది. ఐదడుగులు కూడా లేని మా ఆడపడుచుకి నడుం పైన కాస్త, కింద కాస్త మడత పెట్టి కుడితేనే సరిపోయింది.

ఛాతీ ఎక్కువ ఉన్నవాళ్ళకి ఇంకో ముక్క చెప్పాలి. ఈ పెద్ద కంపెనీల ప్యాటర్న్లు మామూలుగా బ్రా సైజుల్లో బి కప్ లెక్కలో గీసినవి. అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్ళు నిండు ఛాతీ కొలత చూసి సైజు కొంటే ముందు సరిపోద్ది గానీ భుజాలు జారిపోతాయి, మెడ వదులైపోద్ది. చంకల కిందగా, ఛాతీకి పైన, వీపు చుట్టూ టేపు పెట్టి ఒక కొలత తీసుకోండి. దానికీ నిండు ఛాతీకీ తేడా రెండు అంగుళాలు దాటితే, పై కొలతని బట్టి సైజు ఎంచుకుని ముందు ముక్కని మాత్రం డాట్ దగ్గర విప్పి పెంచుకోవాలి. మన జాకెట్ కటింగ్ తెలిసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు, మెయిన్ డాట్, సైడ్ డాట్, చంక డాట్ అని మన టైలర్లు చేసేది కూడా అదే పని.

సూచనల పేపర్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నాకు ఈ కవర్లలో అన్నిటికంటే విలువైనది అదే అనిపించుద్ది. ఏది ముందు కుట్టాలి, ఏది తర్వాత, ఏ గుర్తుని ఏ గుర్తుతో కలపాలి, ఎక్కడ ఇస్త్రీ చేయాలి అని బొమ్మలతో వరసగా ఉంటది. మన టైలరింగ్ వీడియోల్లో కటింగ్ బ్రహ్మాండంగా చూపిస్తారు, కుట్టు దగ్గరికి వచ్చేసరికి గబగబా లాగించేస్తారు, ఇక్కడ అది ఉండదు. మెడ చుట్టూ సాగిపోకుండా ముందే ఒక వరస కుట్టు వేసేయమంటారు, ఆ చిన్న పని చేస్తే మెడ ఎంత నీట్‌గా కూర్చుంటదో. కాలర్‌కి ఫ్యూజింగ్ (గట్టిదనం కోసం లోపల ఇస్త్రీతో అంటించే బట్ట) ఎంత వేయాలో, జిప్పు ఎక్కడ ఆపాలో అన్నీ ఉంటాయి. కానీ ఒక్కచోట మాత్రం వాళ్ళ మాట వినను. వాళ్ళు కుట్టుకి 5/8 అంగుళం, అంటే ఒకటిన్నర సెంటీమీటరు వదులుతారు, పక్క కుట్లు ముందే వేసేసి చేతిని గుండ్రంగా తర్వాత ఎక్కిస్తారు. వీడియో కాల్‌లో చూసి అమ్మ అడిగింది, "లోపల ఇంత తక్కువ వదిలితే రేపు కాస్త ఒళ్ళు చేస్తే ఏం చేస్తావే, పారేస్తావా?" అని. నిజమే కదా, మన టైలర్లు లోపల అంగుళంన్నర రెండంగుళాలు వదిలి, చేతులు ముందే ఎక్కించి, పక్క కుట్టు చంక మీదుగా చెయ్యి దాకా ఆఖర్న ఒకే సాగులో వేస్తారు, కావాలంటే విప్పుకోవచ్చు, బిగించుకోవచ్చు. నేను ఇప్పుడు ప్రతి ప్యాటర్న్‌కీ పక్కలకి ఒక అంగుళం అదనంగా కలిపి మన పద్ధతిలోనే కుడుతున్నా, బాగుంటది. చెయ్యి పైభాగం బాగా గుండ్రంగా ఉబ్బెత్తుగా ఉన్న డిజైన్లకి మాత్రం వాళ్ళ పద్ధతే మేలు.

చిన్న పిట్టకథ. ఈ వ్యాపారం మొదలైంది 1863లో, మసాచుసెట్స్‌లో స్టెర్లింగ్ అనే ఊళ్ళో ఎబెనెజర్ బటరిక్ అని ఒక టైలర్ ఉండేవాడు, అప్పటిదాకా ప్యాటర్న్ అంటే ఒకటే సైజు, దాన్ని పెంచుకోవడం తగ్గించుకోవడం ఇంటావిడ తిప్పలు. ఈయన సైజుల వారీగా కాగితం కట్ చేసి అమ్మడం మొదలెట్టాడు, మొదట్లో బాగా అమ్ముడుపోయినవి ఇటలీ నాయకుడు గారిబాల్డీ తరహాలో మగపిల్లలకి కుట్టే సూట్లట. ఆ తర్వాత 1870లో మెకాల్, 1927లో సింప్లిసిటీ, అది పదిహేను సెంట్లకే ఇచ్చి సామాన్యుల ఇళ్ళల్లోకి వెళ్ళింది. కొన్నేళ్ళ కిందట నాలుగు బ్రాండ్లూ ఒకే గొడుగు కిందకి వచ్చేశాయి కాబట్టి ఇది బెటరా అది బెటరా అని పెద్దగా జుట్లు పట్టుకోవక్కర్లేదు. నా లెక్కలో కొత్తవాళ్ళకి సింప్లిసిటీ, మెకాల్స్‌లో ఈజీ అని రాసినవి, ముక్కలు తక్కువ ఉన్నవి. వోగ్ కవర్ మీద వెరీ ఈజీ అని ఉంటే కాస్త అనుభవం ఉన్నవాళ్ళకి ఈజీ అని అర్థం చేసుకోండి, లైనింగ్ పని అదీ చక్కగా నేర్పిస్తది గానీ టైం తినేస్తది.

బుర్దా గురించి అడుగుతుంటారు. జర్మనీలో ఆఫెన్‌బర్గ్‌లో ఎన్నె బుర్దా అనే ఆవిడ 1950లో మొదలెట్టిన పత్రిక, నెల నెలా బోలెడు డిజైన్లు, ఒక్కో డిజైన్ లెక్కన చూస్తే ఇంతకంటే చవక లేదు. ఫిట్టింగ్ కూడా అమెరికా వాటికంటే ఒంటికి దగ్గరగా ఉంటది, నాకైతే భుజం చాలా బాగా కుదురుద్ది. కానీ ఒకే పెద్ద కాగితం మీద అన్ని డిజైన్ల గీతలూ ఒకదాని మీద ఒకటి వేసేస్తారు, విజయవాడ జంక్షన్ పట్టాల్లాగా ఏది ఎటు పోతోందో కళ్ళు చిట్లించి వెతుక్కోవాలి. పైగా కుట్టుకి వదిలే భాగం అందులో కలపరు, మనమే చుట్టూ కలుపుకోవాలి, అది తెలీకుండా కత్తిరిస్తే డ్రెస్ బొమ్మకి సరిపోద్ది. సూచనలు కూడా పొట్టిగా ఉంటాయి. మొదటి ప్యాటర్న్‌గా మాత్రం వద్దే వద్దు.

ఇక పీడీఎఫ్‌లు. చిన్న చిన్న డిజైనర్లు సొంతంగా గీసి ఆన్‌లైన్లో అమ్మేవి, ఎక్కువగా పది నించి ఇరవై డాలర్ల మధ్యలో ఉంటాయి. ధర చూస్తే కవర్ల కంటే ఎక్కువే, ఎందుకంటే కవర్ల మీద వేసిన అసలు ధర ఎవరూ కట్టరు, సేల్ వచ్చేదాకా ఆగి కొంటారు. కానీ మంచి పీడీఎఫ్‌కి వివరణ చాలా బాగుంటది, ఫొటోలు ఉంటాయి, కొందరు వీడియోలు కూడా పెడతారు, కొందరు బి, సి, డి అని కప్పుల వారీగా ముందు ముక్కలు విడివిడిగా ఇస్తారు, అది మాత్రం పెద్ద సుఖం. ప్రింట్ తీసేటప్పుడు సెట్టింగుల్లో యాక్చువల్ సైజు లేదా వంద శాతం పెట్టాలి, పేజీకి సరిపెట్టు అని ఉన్నదాన్ని తీసేయాలి, ఫోన్లోంచి తీస్తే ఇది తరచూ తన్నేస్తది. మొదటి పేజీలో కొలిచి చూసుకోమని ఒక చతురస్రం ఇస్తారు, ఆ ఒక్క పేజీ తీసి స్కేలు పెట్టి కొలిచాకే మిగతావి తీయండి. తర్వాత ముప్పై నలభై పేజీలు నేల మీద పరుచుకుని టేపు అంటించుకుంటూ కూర్చోవాలి, నడుం పడిపోద్ది. అది పడలేని వాళ్ళకి ఏ0 ఫైలు విడిగా ఇస్తారు, పెద్ద ప్రింటర్ మీద ఒకటే షీట్‌గా వచ్చేస్తది.

ఇండియాలో ఉన్నవాళ్ళకి నిజానికి ఇదే దారి, కవర్ తెప్పించుకుంటే షిప్పింగే ప్యాటర్న్ కంటే ఎక్కువ అవుద్ది. విజయవాడలో మా వదిన మొదట మామూలు జిరాక్స్ షాపుల్లో అడిగి అడిగి విసిగిపోయింది, "వదినా, ఇంజినీర్లు బిల్డింగ్ ప్లాన్లు ప్రింట్ తీయించుకునే షాపుకి వెళ్ళు, అక్కడ ప్లాటర్ ఉంటది" అని చెప్పా, పని అయిపోయింది. వాళ్ళకి కూడా స్కేలు మార్చొద్దని గట్టిగా చెప్పాలి, చతురస్రం అక్కడే కొలుచుకుని డబ్బులివ్వాలి.

అన్ని పీడీఎఫ్‌లూ బంగారం అనుకోకండి. పేరు చెప్పను గానీ ఫొటోలు అదిరిపోయే ఒక డిజైనర్ దగ్గర కొన్న టాప్‌లో చెయ్యి ముక్క చంక కంటే పెద్దగా వచ్చింది, గుర్తులు కలవలేదు, మెయిల్ పెడితే జవాబు కూడా లేదు. కొనేముందు వేరేవాళ్ళు కుట్టి వేసుకున్న ఫొటోలు వెతికి చూడండి, మోడల్ ఫొటో కాదు, మామూలు మనుషులవి. ఒక్కరి ఫొటో కూడా దొరకలేదంటే వదిలేయండి.

డబ్బులు పెట్టకుండా చేద్దాం అనుకునేవాళ్ళకి ఫ్రీసోయింగ్ అని ఒక సైటు ఉంది, ఓపెన్ సోర్స్, మన కొలతలు ఇస్తే ఆ కొలతలకే ప్యాటర్న్ గీసి ఇస్తది, ఉచితం. నంబర్ సైజుల బాధే లేదు, ఆలోచన పరంగా మన ఆది పద్ధతికి దగ్గరగా ఉంటది. కానీ కొలతలు బోలెడు అడుగుద్ది, ఇంకో మనిషి సాయం లేకుండా తీసుకోలేం, వివరణలు కూడా కొత్తవాళ్ళకి పల్చగా అనిపిస్తాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మొగుడుంటే ఆ కొలతల ఫారం ఆయనకి అప్పజెప్పేయండి, సంబరపడి చేస్తారు.

పిల్లల బట్టలకి నా ఓటు ఆలివర్ ప్లస్ ఎస్ అనే ప్యాటర్న్ కంపెనీకి. ఖరీదు కాస్త ఎక్కువే, కానీ సూచనలు ఎంత ఓపికగా రాశారంటే ఒక్కో గౌను కుట్టేసరికి ఒక్కో కొత్త పని చేతికి వచ్చేస్తది. ఎంత కష్టమో చెప్పడానికి కవర్ మీద కత్తెర బొమ్మలు వేస్తారు, ఒక కత్తెర ఉంటే తేలిక, నాలుగు ఉంటే తలనొప్పి. వాళ్ళదే పాపోవర్ సన్‌డ్రెస్ అని ఒకటి ఉచితంగా దొరుకుద్ది, భుజాల మీద ముళ్ళు కట్టుకునే గౌను, మచిలీపట్నం కలంకారి ముక్కతో కుడితే ఎంత ముద్దుగా ఉంటదో, ఎండాకాలానికి బాగుంటది. రెండువైపులా తిప్పి పెట్టుకునే టోపీ కూడా ఉంది, బారసాలకి గిఫ్టు ఇవ్వడానికి దాన్ని మించింది నాకు ఇంకా దొరకలేదు. పిల్లలకి సైజు చూసేటప్పుడు వయసు చూడకండి. కవర్ ప్యాటర్న్లలో పిల్లల 6 సైజు అంటే ఛాతీ 25 అంగుళాలు, మన పిల్లలు చాలామంది ఆరేళ్ళకి అంతకంటే సన్నగా, పొడుగ్గా ఉంటారు, కాబట్టి ఛాతీకి చిన్న సైజు గీత, పొడుగుకి పెద్ద సైజు గీత తీసుకుంటే కుదురుద్ది. పట్టు పావడాకి మాత్రం ప్యాటర్న్ ఎందుకండీ, తిన్నటి బట్టకి కుచ్చిళ్ళు పెట్టి పట్టీ వేయడమే కదా, దాని మీదకి జాకెట్టుకైతే ఏదైనా మంచి గౌను ప్యాటర్న్ పైభాగం వాడేసుకోవచ్చు.

గిఫ్టుల విషయంలో కాస్త లెక్క చూసుకోవాలి. ఇక్కడ మన వాళ్ళల్లో రిటర్న్ గిఫ్టుల సందడి తెలిసిందేగా, వరలక్ష్మీ వ్రతం వస్తే చాలు తాంబూలం సంచులు కట్టలు కట్టలు కావాలి. ఆ సంచులకి ప్యాటర్న్ కొనేవాళ్ళని చూసి నాకు నవ్వొచ్చుద్ది, పాత పట్టుచీర అంచు, రెండు నలుచదరపు ముక్కలు, ఒక తాడు, అయిపోయె. దిండు గలీబులకీ టేబుల్ రన్నర్‌కీ కూడా అక్కర్లేదు. వంటింటి ఏప్రాన్‌కి మాత్రం కొనండి, చంక దగ్గర ఆ వంపు, మెడ పట్టీ సరిగ్గా రావడానికి ప్యాటర్న్ పనికొచ్చుద్ది, పైగా సైజు గొడవ లేని గిఫ్టు, ఎవరికైనా ఇవ్వొచ్చు. సింప్లిసిటీ వాళ్ళ బట్ట బొమ్మల కవర్లు కూడా బాగుంటాయి, ఒక కవర్లో మూడు నాలుగు జంతువులు, మిగిలిపోయిన ముక్కలన్నీ ఖర్చయిపోతాయి. చంటిపిల్లలకి ఇచ్చేటప్పుడు గుండీ కళ్ళు పెట్టకుండా దారంతో కుట్టేయండి, గుండీ ఊడితే నోట్లో పెట్టుకుంటారు.

హ్యాండ్‌బ్యాగుల ప్యాటర్న్ల దగ్గర జాగ్రత్త. ప్యాటర్న్ పది డాలర్లే, కానీ వెనక లిస్టు చూస్తే ఫ్యూజింగ్ ఒక రకం కాదు రెండు రకాలు, మెత్తటి ఫ్లీస్, జిప్పులు రెండు, అయస్కాంతం బటను, రింగులు, అన్నీ కలిపితే షాపులో బ్యాగు ధర దాటిపోద్ది. ఫ్యూజింగ్‌కి నేను పెల్లాన్ ఎస్ఎఫ్101 వాడతా, నేసిన కాటన్ కాబట్టి అంటించాక అట్టలా అవదు, బట్ట బట్టలాగే ఉంటది. మన ఊరి బక్రం వేస్తే బ్యాగు నిలబడుద్ది గానీ ఉతికితే ముడతలు పోవు. బ్యాగు కుట్టే సరదా ఉంటే చెయ్యండి, డబ్బు ఆదా అవుద్దని మాత్రం మొదలెట్టకండి.

మన బట్టల్తో ఈ ప్యాటర్న్లు కుట్టేటప్పుడు రెండు సంగతులు. కాటన్ ఏదైనా సరే ముందు ఉతికి ఆరేసి ఇస్త్రీ చేశాకే కటింగ్, లేకపోతే మొదటి ఉతుక్కే బిగుసుకుపోద్ది, కలంకారి అయితే విడిగా ఉతకండి, రంగు దిగుద్ది. రెండోది అంచు. ప్యాటర్న్ ముక్క మీద బాణం గుర్తు ఉంటది, అది పడుగు వెంట, అంటే అంచుకి సమాంతరంగా పెట్టమని. కానీ మంగళగిరి జరీ అంచు మనకి గౌను కింద కావాలి, పక్క కుట్టులో కాదు. అప్పుడు ముక్కని అడ్డంగా తిప్పి పెట్టాల్సిందే, సాగని నేత బట్టకి ఇది చేయొచ్చు, కాస్త గట్టిగా నిలబడినట్టు ఉంటది అంతే. పొడుగు మాత్రం బట్ట పన్నాకి మించకుండా చూసుకోవాలి, కింది అంచు వంపుగా ఉన్న డిజైన్లకి ఇది కుదరదు, తిన్నటి అంచు ఉన్నవే ఎంచుకోండి. కలంకారిలో నెమళ్ళూ చెట్లూ ఒకే వైపు చూస్తుంటే ముక్కలన్నీ ఒకే దిక్కుగా పెట్టాలి, కవర్ మీద రాసిన గజాల కంటే కాస్త ఎక్కువ బట్ట పట్టుద్ది.

కొనే చోటు గురించి. ఇదివరకు జోయాన్ అనే బట్టలూ కుట్టు సామాన్ల షాపుకి వెళ్తే పెద్ద పెద్ద క్యాటలాగులు తిరగేసుకుంటూ గంటలు గడిపేవాళ్ళం, అరల్లోంచి కవర్ మనమే తీసుకుని, సేల్ అయితే రెండు మూడు డాలర్లకే వచ్చేది. 1943లో మొదలైన ఆ షాపులు 2025లో దివాలా తీసి మే నెలాఖరుకల్లా అన్నీ మూసేశారు. బట్ట చేత్తో పట్టుకుని చూసి, పక్కనే ప్యాటర్న్ తీసుకుని, దారం రంగు కలుపుకుని ఇంటికి రావడం అనేది మా వైపు చాలా ఊళ్ళల్లో పోయింది. ఇప్పుడు హాబీ లాబీ అనే క్రాఫ్ట్ సామాన్ల షాపుల్లో కవర్లు దొరుకుతాయి, మిగతావి ఆన్‌లైనే. పాత కవర్లు థ్రిఫ్ట్ షాపుల్లోనూ, అదే పాత వస్తువులు అమ్మే చోట, అమ్మకానికి వస్తుంటాయి, కొనొచ్చు, కాకపోతే బాగా పాతవాటిలో ఒక కవర్లో ఒకటే సైజు ఉంటది, పైగా ముందు ఎవరైనా కత్తిరించి ఉంటే ముక్కలన్నీ ఉన్నాయో లేదో సూచనల పేపర్లో ఉన్న జాబితాతో లెక్కపెట్టుకోండి.

చీర జాకెట్టుకి వీటిల్లో ఏదైనా పనికొస్తదా అని అడిగేవాళ్ళకి, రాదు. క్రాస్ కట్, కటోరి, షేప్ పట్టీ అని మన జాకెట్టు కటింగులో ఉండేవి ఏవీ వాళ్ళ లెక్కలో లేవు. దానికి మన దగ్గర 28 నించి 44 దాకా సైజుల వారీగా అమ్మే బ్లౌజు పేపర్ కటింగ్ సెట్లు ఉన్నాయి, అవి తెప్పించుకోండి, వాటి మీద కూడా మీ ఆది జాకెట్టు ఒకసారి వేసి చూసుకునే కత్తిరించండి.

ఇంట్లో కుట్టి అమ్ముదాం అనుకునేవాళ్ళు ఒకటి గమనించండి. పెద్ద కంపెనీల కవర్ల మీద ఇంట్లో సొంతానికి మాత్రమే, వ్యాపారానికి కాదు అని రాసి ఉంటది. చిన్న డిజైనర్లలో కొందరు మాత్రం మీ చేత్తో కుట్టినవి కొద్ది సంఖ్యలో అమ్ముకోవచ్చని స్పష్టంగా రాస్తారు, ఆర్డర్లు తీసుకునేవాళ్ళు ఆ లైను చదివాకే డబ్బులు కట్టండి.